సింగపూరు సభలో ఏలూరు ప్రతినిధి

ఏలూరు తివాచీలకు పేరుగన్న పట్టణము. మహమ్మదీయ ప్రభుత్వకాలమున వచ్చి స్థిరపడిన పారసీక కుటుంబములవారు ఈ విద్య నిచట నాటిరని చెప్పుదురు. ఇచటి ఉన్ని తివాచీలు ఇంగ్లండు మొదలగు దేశములకు ఎగుమతి యగుచుండెను. అట్టి యూరివా రెన్నుకొన్న లోకసభ సభ్యుడే 1996లో కేంద్ర వాణిజ్యశాఖకు సహాయమంత్రి యగుట విశేషము. ఆయన బోళ్ళ బుల్లిరామయ్యగారు.

1926లో జన్మించిన వీరు తణుకులోని ఆంధ్రా షుగర్సు నిర్వహణమున ఆరితేరి, పిదప రాజకీయములలోనికి వచ్చిరి. 1984లో తెలుగుదేశము పక్షమున ఏలూరునుండి గెలిచిరి. 1989లో చలనచిత్ర నటుడు కృష్ణగారి చేతిలో నోడిరి. 1991లో ఆయననే యోడించిరి. 1996లో మరల గెలుపు, 1998లో ఓటమి, 1999లో గెలుపు. కొల్లేటి సీమ వోటరులు ఆ స్థానమును ఎవ్వరికిని పట్టా వ్రాసి యీయలేదు.

సహాయమంత్రి యనగా దస్త్రములపై చేవ్రాలు చేయువాడని మనలో నొక చులకనభావము కలదు. వీరి విషయమున నది చెల్లదు. 1996 డిసెంబరు 9 మొదలు 13 వరకు ప్రపంచ వాణిజ్య సంస్థవారి తొలి మంత్రుల సభ సింగపూరులో జరిగినపుడు భారతదేశము పక్షమున మాటాడినవారు వీరే. అమెరికా మొదలగు సంపన్న దేశములు శ్రామికుల ప్రమాణములను వాణిజ్య నిబంధనలతో ముడివేయ గోరెను. ఆ వ్యవహారము అంతర్జాతీయ కార్మిక సంస్థది గాని అంగడివారిది కాదని మనవారు పట్టుబట్టిరి. తుది ప్రకటన ఈ విషయమున మనవైపే మొగ్గెను. పెట్టుబడులనుగూర్చి మాత్రము మనము వలదన్న పరిశీలక సంఘ మేర్పడెను.

మన వాదము న్యాయమే. ధనిక దేశముల కరుణవెనుక తమ మిల్లుల లాభచింత లేకపోలేదు. కాని ఆ కరుణకు సాకు నిచ్చిన దెవరు? మిర్జాపురము, భదోహీ ప్రాంతముల మగ్గములకడ కూర్చుండిన పసివారినిగూర్చి జర్మనీలో అలజడి పుట్టి, పిల్లల చేతులు సోకని తివాచీలకు 1994లో రగ్‌మార్క్ అను ముద్ర యేర్పడినది. (ఏలూరు మగ్గములపై ఈ నింద మోపుట నా యుద్దేశము కాదు.) 1986 నాటి బాలకార్మిక చట్టము తివాచీనేతను పిల్లలకు నిషేధించినది, బుల్లిరామయ్యగా రప్పుడు లోకసభలో సభ్యులు. అయినను కుటుంబమువారు తామే నడుపుకొను పనిశాలలను ఆ చట్టమే విడిచిపెట్టినది. మగ్గములు పెక్కు లుండునది ఇండ్లలోనే గదా!

ఈ ప్రశ్నను అంగడిలోనికి తేవలదని వాదించి గెలిచిన పిమ్మట, దానికి ఇంటిలో సమాధానము చెప్పుట మన వంతు. పదునాలుగేండ్లలోపువారిని ఏ వృత్తియందును పెట్టరాదను సవరణ 2016 వరకు రాలేదు. అందును కుటుంబపు పనికి బడివేళలు గడచిన పిమ్మట అనుమతి మిగిలియే యున్నది. పిల్లల పనినిగూర్చిన అంతర్జాతీయ ఒడంబడికలు రెంటిని భారతదేశము 2017లో ఆమోదించినది. బుల్లిరామయ్యగారు ఆ మరుసటి యేట గతించిరి.