కంపెనీల పన్నుల ఊరి వాటా ఎంత?

మా ఊరి పొలిమేరల పరిశ్రమల పార్కు ఉంటది. లోపట వీధి దీపాలు తెల్లందాక ఎలుగుతయి. గేటు దాటి ఊళ్లకొస్తే మోరీలు నిండి రోడ్డు మీద పారుతయి. ఒకనాడు మోరీలు తీసే మల్టీపర్పస్ కార్మికుడు నన్ను ఆపి, "అన్నా, గిన్ని కంపెనీలున్నయ్, నాకు జీతమిచ్చేతందుకు పంచాయతీల పైసల్లేవంటరేంది?" అని అడిగిండు. జవాబు నాకూ తెల్వదు. పదో తరగతితోనే సదువు ఆపినోణ్ని. ఆ ప్రశ్న పట్టుకొని జీవోలు, చట్టాలు తిరగేసిన. తెలిసింది మీకు చెప్తున్న.

ముందుగాల వ్యాపార సంఘాల సంగతి. అసోచామ్ 1920ల పుట్టింది, ఫిక్కీ 1927ల. మన హైదరాబాద్‌ల ఎఫ్‌టీసీసీఐ 1917 నాటిది. బడ్జెట్ రాకముందే వీళ్లు సర్కారుకు మెమొరాండం ఇస్తరు. కరెంటు చార్జీల మీద విచారణ జరిగితే లెక్కలతోని అభ్యంతరాలు రాసిస్తరు. అడుగుడు వాళ్ల హక్కు, తప్పు పట్టేదేం లేదు.

వాళ్లు అడిగేటియి ముఖ్యంగ రెండు. ఒకటి, ఆఫీసుల చుట్టు తిప్పకుండ అనుమతులియ్యాలె. 2014ల వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం అందుకే. పెద్ద ప్రాజెక్టుకు 15 రోజులు, మిగిలినవాటికి 30 రోజుల గడువు పెట్టిన్రు. రెండోది, మేం కట్టిన పన్ను మా కాడనే ఖర్చు పెట్టాలె. పన్ను పంచాయతీకి పోతది, మాకు రోడ్డు రాదు, లైటు రాదు అన్నది వాళ్ల బాధ.

ఈ రెండో బాధకు మందుగ వచ్చిందే 'ఐలా', అంటే పారిశ్రామిక ప్రాంత స్థానిక అధికార సంస్థ. ఐలా ఉన్న పార్కుల ఆస్తి పన్ను పంచాయతీ వసూలు చెయ్యదు, ఐలానే చేస్తది. అండ్ల 65 శాతం పార్కు లోపటి రోడ్లు, దీపాలు, మోరీలకు పెడతరు. 35 శాతం స్థానిక సంస్థకు, అంటే మన పంచాయతీకో మున్సిపాలిటీకో ఇయ్యాలె.

వాళ్ల వాదనల నిజముంది. పన్ను కట్టినోడు పని అడుగుతడు. కని ఒక్క మాట. ఆ పార్కుల పనిచేసే కూలోళ్లు నిద్రపోయేది మన ఊళ్ల కిరాయి రూముల్ల. వాళ్లు తాగే నీళ్లు, వాళ్ల చెత్త, వాళ్ల పిల్లల బడి ఊరి మీదనే పడతయి. కంపెనీ లారీలు తిరిగి పాడయ్యేది ఊరి రోడ్డే. గా 35 శాతం ఎవలో పెట్టిన భిక్షం కాదు, ఊరి హక్కు.

ఈ వాటా ఎందుకంత ముఖ్యమంటే, కేంద్రం గ్రాంట్ల సంగతి చూడుర్రి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఊర్లకు ఇచ్చిన గ్రాంట్ల 60 శాతం తాగునీళ్లు, పారిశుధ్యానికే కట్టేసింది. మిగిలిన 40 శాతం ఊరి అవసరానికి వాడుకోవచ్చు, కని జీతాలకు వాడొద్దన్నది. అంటే ఊరికి సొంత ఆమ్దానీ లేకుంటే మోరీ తీసేటాయన జీతం కాడనే ఇబ్బందొస్తది.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, సంఘాల దగ్గర మనం నేర్చుకునేది ఒక్కటే: కాగితం మీద రాసి, లెక్కతోని అడుగుడు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. మీ ఊరి పక్కన ఐలా ఉంటే ఆ సభల అడుగుర్రి: మూడేండ్లల్ల ఎంత వసూలైంది, మన వాటా ఎంతొచ్చింది, దేనికి ఖర్చైంది? జవాబు రాకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుర్రి. పంచాయతీ జమా ఖర్చులు ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్ల ఫోన్లనే చూడొచ్చు.

కంపెనీలకు అడిగేతందుకు సంఘమున్నది. మనకు గ్రామసభ ఉన్నది. సంతకం పెట్టి ఇంటికొచ్చుడు కాదు, కూసొని లెక్క అడిగి రావాలె.