లా కనడియెన్సే సమ్మె

లా కనడియెన్సే సమ్మె స్పెయిన్ దేశములోని బార్సిలోనా నగరములో 1919 ఫిబ్రవరి 5న మొదలై 44 రోజులు సాగిన కార్మిక సమ్మె. అరాజక సిండికలిస్టు పద్ధతిలో నడిచిన పోరాటములలో ఇది ప్రముఖమైనది. దీని ఫలితముగా స్పెయిన్‌లో ఎనిమిది గంటల పనిదినము చట్టబద్ధమైనది.

సిద్ధాంతము

అరాజక సిండికలిజము ప్రకారము కార్మికుల విముక్తికి సాధనము రాజకీయ పక్షము గాని, శాసనసభ గాని కాదు, కార్మిక సంఘమే. ఇక్కడ అరాజకము అనగా అల్లకల్లోలము కాదు, ప్రభుత్వాధికారము లేని సమాజ వ్యవస్థ అని అర్థము. మధ్యవర్తులు లేకుండా కార్మికులే యజమానిని ఎదుర్కొనుటను ప్రత్యక్ష చర్య అంటారు. సమ్మె, బహిష్కరణ దీని ముఖ్య రూపములు.

ఈ భావములతో పనిచేసిన జాతీయ కార్మిక సమాఖ్య 1910లో బార్సిలోనాలో ఏర్పడినది. దీనిని సి.ఎన్.టి. అని వ్యవహరిస్తారు. 1918లో సాంట్స్‌లో జరిగిన మహాసభలో దీని కాటలోనియా శాఖ, వృత్తికొక సంఘము అనే పాత పద్ధతిని విడిచి, ఒక పరిశ్రమలో పనిచేయు వారందరికీ ఒకే సంఘము అనే పద్ధతిని స్వీకరించినది. మరుసటి సంవత్సరపు సమ్మెకు ఈ నిర్మాణమే బలమైనది.

సమ్మె క్రమము

బార్సిలోనాకు విద్యుత్తు సరఫరా చేసే సంస్థ కెనడాలో నమోదైన కంపెనీకి చెందినది. అందువలన ప్రజలు దానిని లా కనడియెన్సే అని పిలిచేవారు. జీతముల తగ్గింపు వివాదములో ఆ సంస్థ 8 మంది గుమాస్తాలను తొలగించగా, తోటి ఉద్యోగులు వారికి మద్దతుగా పని మానివేశారు. ఫిబ్రవరి 21న సంస్థలోని ఇతర కార్మికులు కూడా సమ్మెలో చేరడముతో విద్యుత్తు నిలిచిపోయినది. నగరము చీకటిలో మునిగినది. ట్రాములు, అనేక కర్మాగారములు ఆగిపోయినవి.

ప్రభుత్వము సమ్మెదారులను సైనిక సేవకు పిలిచి పని చేయించుటకు ప్రయత్నించినది. నిరాకరించిన వేలాది మందిని మోంజుయిక్ కోటలో నిర్బంధించినది. ముద్రణాలయ కార్మికులు సమ్మెకు వ్యతిరేకమైన ప్రకటనలను అచ్చు వేయలేదు. దీనికి ఎర్ర సెన్సారు అని పేరు వచ్చినది.

ఒప్పందము

తొలగించిన వారిని తిరిగి చేర్చుకొనుట, వేతనముల పెంపు, ఎనిమిది గంటల పని, ఖైదీల విడుదల అనే అంశములపై మార్చి 17న ఒప్పందము కుదిరినది. మార్చి 19న లాస్ అరేనాస్ ఎద్దుల పోరు మైదానములో జరిగిన భారీ సభలో, ఖైదీలు బయటకు రానిదే పనికి వెళ్ళరాదని అనేకులు పట్టుబట్టారు. సి.ఎన్.టి. నాయకుడు సల్వడోర్ సెగీ వారిని ఒప్పించి సమ్మె విరమింపజేశాడు. అయితే సైనిక న్యాయస్థానముల విచారణలో ఉన్నవారిని అధికారులు విడుదల చేయలేదు. అందుచేత మార్చి 24న సార్వత్రిక సమ్మె మొదలైనది. ఎనిమిది గంటల పనిదినమునకు సంబంధించిన ప్రభుత్వ ఉత్తరువు ఏప్రిల్ 3న వెలువడి, అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది.

పరిణామములు

1919 చివరలో యజమానులు లాకౌట్ ప్రకటించారు. తరువాతి సంవత్సరములలో కార్మిక నాయకులు, యజమానులు ఇరుపక్షములలోను హత్యలకు గురయ్యారు. సెగీ 1923 మార్చి 10న బార్సిలోనా వీధిలో హత్యకు గురయ్యాడు.

ప్రత్యక్ష చర్యకు గల శక్తిని, పరిమితిని ఈ సమ్మె ఒకేసారి వెల్లడించినది. విద్యుత్తును నిలుపుట కార్మికుల చేతిలో ఉన్నను, ఖైదీలను విడిపించుటకు వారు నిరాకరించిన ప్రభుత్వాధికారముపైనే ఆధారపడవలసి వచ్చినది. అంతర్యుద్ధ కాలములో, 1936 నవంబరులో, నలుగురు సి.ఎన్.టి. సభ్యులు మంత్రులుగా చేరినపుడు ఇదే సమస్య మరింత తీవ్రముగా ముందుకు వచ్చినది.