తెర చూపించేది, మనిషి దిద్దేది: ప్రవర్తనా విశ్లేషణ సిబ్బందికి వీడియో, కంప్యూటర్ శిక్షణ

ఆటిజం ఉన్న పిల్లలకు డిస్క్రీట్ ట్రయల్ పద్ధతిలో నేర్పడం పైకి చిన్న పనిగా కనిపిస్తుంది. పిల్లవాడి చూపును తనవైపు తిప్పుకోవాలి, ఒకే ఒక్క సూచన ఇవ్వాలి, జవాబు కోసం ఆగాలి, అవసరమైతే చేయి పట్టి సాయపడాలి, సరైన జవాబుకు వెనువెంటనే మెచ్చుకోలో ఇష్టమైన వస్తువో అందించాలి, ఫలితం రాసుకోవాలి. అంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఆ కాస్త వ్యవధిలో సిబ్బంది చేసే పొరపాటుకు నష్టపోయేది పిల్లవాడు. డిజెన్నారో రీడ్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో తప్పు దిద్దే దశలో కావాలనే పొరపాట్లు చొప్పించి, 0, 50, 100 శాతం స్థాయుల్లో ముగ్గురు విద్యార్థుల ప్రగతిని పోల్చారు. పొరపాటు లేని బోధనలోనే వాళ్లు మెరుగ్గా రాణించారు. కాబట్టి సిబ్బంది శిక్షణను చికిత్సలో భాగంగానే చూడాలి.

ఈ రంగంలో నిలదొక్కుకున్న పద్ధతి ప్రవర్తనా నైపుణ్య శిక్షణ. వివరించి చెప్పడం, చేసి చూపడం, చేయించడం, దిద్దడం అనే నాలుగూ అందులో కలిసి ఉంటాయి. నాలుగింటికీ అనుభవం ఉన్నవారి సమయం కావాలి. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా అంతా మళ్లీ మొదటికి వస్తుంది. వీడియో అక్కరకొచ్చేది ఇక్కడే. కటానియా బృందం 2009లో ముగ్గురు కొత్త ఉద్యోగులకు వీడియో నమూనాతో డిస్క్రీట్ ట్రయల్ నేర్పింది. అంతకుముందు 12 నుంచి 63 శాతం మధ్య ఉన్న వారి సగటు ఖచ్చితత్వం వీడియో తర్వాత 98, 85, 94 శాతాలకు పెరిగింది. ఈ అంకెలు చూసి ఏ వీడియో అయినా ఇంత పని చేస్తుందనుకోకూడదు. 2007లో మూర్, ఫిషర్ ఫంక్షనల్ అనాలిసిస్ (ప్రవర్తన వెనకున్న కారణాన్ని పరీక్షించి తేల్చే పద్ధతి) నేర్పడానికి ఉపన్యాసాన్ని, కొన్ని ఉదాహరణలే చూపే వీడియోను, అనేక ఉదాహరణలున్న పూర్తి వీడియోను పరీక్షించారు. సత్ఫలితమిచ్చింది పూర్తి వీడియో. నేర్చుకునేవారికి అందేది చూసిన సందర్భాల విస్తృతి. పిల్లవాడు బుద్ధిగా కూర్చుని జవాబిచ్చే దృశ్యాలే చూసినవాళ్లు, అతడు లేచి పరుగెత్తినప్పుడు ఏం చేయాలో తోచక నిలబడిపోతారు.

కంప్యూటర్ శిక్షణ మరో మెట్టు ఎక్కుతుంది. విద్యార్థి ఊరికే చూస్తూ కూర్చోకుండా తానే జవాబు కూర్చాలని, అది సరైనదో కాదో వెంటనే తెలియాలని ప్రవర్తనా శాస్త్రవేత్త స్కిన్నర్ 1958లోనే బోధనా యంత్రాల గురించి రాస్తూ వాదించాడు. హిగ్బీ బృందం ఆ మార్గంలోనే ఇంటరాక్టివ్ కంప్యూటర్ శిక్షణతో బ్రెజిల్‌లో నలుగురు డిగ్రీ విద్యార్థులకు, నలుగురు ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులకు డిస్క్రీట్ ట్రయల్ నేర్పింది; 2016లో వెలువడిన ఆ ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. అయితే జవాబు ఎంచుకోవడం వేరు, చేతులతో చేయడం వేరు. ఏ మీట నొక్కారో కంప్యూటర్‌కు తెలుస్తుంది. సాయం అందించిన చేయి ఒక్క క్షణం ఆలస్యమైందని తెలియదు. డిజెన్నారో రీడ్ బృందమే 2010లో ముగ్గురు ఉపాధ్యాయులతో చేసిన పరిశీలనలో తెరకున్న ఈ పరిమితి స్పష్టంగా బయటపడింది. ఒక్కొక్కరికీ విడిగా తయారుచేసిన వీడియోలతో ఖచ్చితత్వం పెరిగింది గానీ నిలకడ రాలేదు. మాటతో దిద్దడం తోడయ్యాకే ముగ్గురూ 100 శాతానికి చేరారు. నా వాదన ఇదే: ప్రవర్తనా నైపుణ్య శిక్షణలోని నాలుగు పనుల్లో మొదటి రెండింటిని తెరకు అప్పగించవచ్చు. అలా మిగిలిన సమయాన్ని పర్యవేక్షకులు చివరి రెండింటికి వెచ్చించాలి. ఆ మిగులును చూసి పర్యవేక్షకులనే తగ్గించే సంస్థ మొదట్లో కనిపించిన ఫలితాన్ని కూడా నిలుపుకోలేదు.

ముగ్గురు నలుగురితో చేసిన ప్రయోగాలను ఎంతవరకు నమ్మవచ్చన్న అభ్యంతరం సహజమే. వీటిలో సాధారణంగా ఒక్కొక్కరికీ శిక్షణ వేర్వేరు సమయాల్లో మొదలవుతుంది, ప్రతివారినీ వారి మునుపటి పనితీరుతోనే పోలుస్తారు. శిక్షణ అందినప్పుడే, అందినవారిలోనే మార్పు వస్తే అది కాకతాళీయం అనలేం. కానీ ఏ తరహా సిబ్బందికి ఎంత దిద్దుబాటు కావాలో చెప్పడానికి ఇంత చిన్న సంఖ్యలు చాలవు. ఆ మేరకు అభ్యంతరాన్ని ఒప్పుకోవాలి. మనిషి మనిషికి నేర్పితేనే పని అబ్బుతుందన్న మరో అభ్యంతరంలో సగమే నిజం. నమూనా ప్రతిసారీ ఒకేలా ఉండటంలో తెరది పైచేయి. అమెరికాలో ఆర్‌బీటీ (రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్) గుర్తింపుకు కావలసిన 40 గంటల శిక్షణను ఆన్‌లైన్‌లో పూర్తిచేయవచ్చు. అయినా అభ్యర్థి పనిచేయగలరో లేదో తేల్చే సామర్థ్య పరీక్షను విడిగా పెడతారు. ఈ ఏర్పాటు సబబైనదే.

తెలుగులో ఇలాంటి పాఠాలు తయారుచేయాలంటే ఇంగ్లిష్ వీడియోకు గొంతు మార్చితే సరిపోదు. పిల్లవాడి ఇంట్లో ‘ఇవ్వు’ అంటారో ‘ఇయ్యి’ అంటారో కనుక్కుని సూచన ఆ మాటతోనే ఇవ్వాలి. అంతకన్నా కష్టమైనది మన లాలన. ‘ఏదీ, బంగారం కదూ, ఇవ్వమ్మా, ఇచ్చెయ్ నాన్నా’ అని పెద్దవాళ్లు బతిమాలుతుంటే ఒక సూచన నాలుగు సూచనలవుతుంది. పిల్లవాడు ఎప్పుడు స్పందించాలో తేలదు. ఈ అలవాటు పరాయి భాషలో తీసిన నమూనాలో కనిపించదు. ‘బంగారం’ అన్న అదే పిలుపును సూచనలోంచి తీసి, సరైన జవాబు రాగానే మెచ్చుకోలుగా వాడటం తెలుగు థెరపిస్టుకు తెర మీద చూపించాలి, ఆపైన పక్కన కూర్చుని దిద్దాలి.