ఏటికి ఎదురీదు చేపలు

పలనాటికి ఉత్తరపు హద్దు కృష్ణానది. తొలకరి వానలకు నది ఎర్రనీటితో పొంగగానే చేపలు ఏటికి ఎదురెక్కుట ఒడ్డున నుండు పల్లెవారందరు ఎరిగిన సంగతియే. గుడ్లు పెట్టుటకు అనువైన తావు వెదకుకొనుచు అవి పైకి పోవును. కాని ఏ చేప ఎచ్చటినుండి బయలుదేరి ఎంతదూరము పోవుచున్నది? చూపునకు అందని నీటిలో జరుగు ఈ ప్రయాణమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు నూటయేబది సంవత్సరములకు పైగా పాటుపడుచున్నారు.

మాచెర్ల చెంత చంద్రవంక వాగు ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకుచున్నది. ఆ మెట్టును చేప ఎక్కజాలదు. అది ప్రకృతి కట్టిన గోడ; యుగముల తరబడి అచ్చటనే యుండుటచే చేపలు దానికి లోబడియే తమ దారులు ఏర్పరచుకొన్నవి. మానవుడు కట్టిన గోడ అట్టిది కాదు. నిరుటి వరకు తెరచియున్న దారి ఈ యేడు మూసికొనిపోవును.

కృష్ణపై అట్టి తొలి పెద్దగోడ బెజవాడ ఆనకట్ట. కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ముగిసెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట అంతకు ముందే లేచెను. లక్షల ఎకరములకు నీరు పారెను, కరవులు తగ్గెను. అయితే చేపల మాట ఏమి? చిత్రమేమనగా, ఈ ప్రశ్నను లేవదీసినవాడు ఆనకట్టలకు ఆద్యుడైన సర్ ఆర్థర్ కాటనే. నదులకు అడ్డముగా కట్టిన కట్టలవలన చేపలకు హాని కలుగుచున్నదేమో విచారింపవలెనని 1867లో ఆయన ప్రభుత్వమునకు వ్రాసెను. తాను కట్టినదానినే శంకించి చూడగలిగిన ఇంజనీరులు అరుదు.

విచారణభారము మదరాసు సైన్యములో వైద్యుడుగానున్న ఫ్రాన్సిస్ డే పై పడెను. ఆయన నదుల వెంట తిరిగి, బెస్తలను, అధికారులను ప్రశ్నించి, 1873లో భారతదేశ, బర్మాల మంచినీటి చేపలపై నివేదిక ప్రకటించెను. కట్టలలో చేపలకు దారులు విడువవలెననియు, పిల్లచేపలను పట్టు సన్నకన్ను వలలను అరికట్టవలెననియు చెప్పెను. కాని ఆయన చేతికి పని వచ్చునప్పటికే బెజవాడ ఆనకట్టకు పండ్రెండేండ్లు నిండెను. కట్టకు పూర్వము చేపలు ఎంత పైకి పోయెడివో తరువాత వచ్చినవాడు కొలువజాలడు గదా!

ఈ విచారణలో ముఖ్యమైన చేప పులస. సముద్రములోనుండగా దీనిని విలస అందురు. వరదనీరు సముద్రములో కలియగానే ఇది గుంపులుగా నదిలో ప్రవేశించి, మేత దాదాపు మాని, ఎదురీది, మంచినీట గుడ్లు పెట్టును. పుస్తెలమ్మియైన పులస తినవలెనను గోదావరి సామెత ఆ యెదురీతవలన వచ్చు రుచికే పుట్టినది. గంగలో నిదియే హిల్సా. ఒకప్పుడు ఆగ్రా, ఢిల్లీల వరకు పోయెడి ఈ చేప 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయ మొదలిడిన పిమ్మట ఎగువన బహు అరుదైపోయెను.

చేప దారిని కనుగొనుటకు పాతపద్ధతి గుర్తుబిళ్ళ. పట్టిన చేప వీపురెక్క కడ అంకె చెక్కిన చిన్నబిళ్ళను కట్టి, తేదీ వ్రాసికొని విడిచెదరు. మరియొకచోట అది వలలో పడినప్పుడు బెస్తవాడు బిళ్ళ తెచ్చియిచ్చిన, రెండు చోట్ల నడుమ దూరమును, పట్టిన కాలమును తెలియును. అనగా ఈ శాస్త్రములో సగము పని బెస్తలదే! ఫరక్కా వద్ద హిల్సాలకు ఇట్లే బిళ్ళలు కట్టి ఎగువకు విడిచిరి. కాని పులస మిక్కిలి సుకుమారము. చేయి తగిలిన పొలుసులు రాలి, త్వరలోనే ప్రాణము విడుచును.

అందుచే నేటి పరిశోధకులు చేప చెవిలోని రాతిని ఆశ్రయించిరి. సున్నముతో ఏర్పడిన ఈ చిన్నరాయి చెట్టుమానువలె పొరలు పొరలుగా పెరుగును. స్ట్రాన్షియము అను లోహము సముద్రజలములో హెచ్చు, నదీజలములో సాధారణముగా తక్కువ. చేప ఏ నీట నున్నప్పుడు ఏర్పడిన పొరలో ఆ నీటి జాడ నిలిచిపోవును. రాతిని అడ్డముగా కోసి లేసరు కిరణముతో పరీక్షించిన, చేప ఎప్పుడు మంచినీట పుట్టి ఎప్పుడు సముద్రమునకు పోయెనో చదువవచ్చును. బంగ్లాదేశములో హిల్సాపై ఇట్టి పరిశీలన జరిగినది.

సముద్రము చూడని చేపల కథ వేరు. బొచ్చె వంటివి నదిలోనే తిరుగును. అయినను వాటికి వరదపారుదల కావలెను. చెరువులో ఎంత బలిసినను సామాన్యముగా గుడ్లు విడువవు. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురీ మరియొక చేప మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో ఎక్కించి, నిలువనీటిలోనే గండుజాతి చేపచే గుడ్లు పెట్టించెను. ఆ యేడే బెజవాడలో పాత ఆనకట్టకు బదులు ప్రకాశం బ్యారేజి తెరువబడెను. మాచెర్ల కెగువన 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరపు గోడ లేచుచుండెను. 1967లో సాగరమునుండి కాలువలకు నీరు విడిచిరి.

గోడ లేచుచున్న ఆ దినములలోనే ఎ. డేవిడ్ గోదావరీ కృష్ణలలోని చేపలను పరిశీలించి 1963లో ఫలితములు ప్రకటించెను. సాగరము నిండకముందు కృష్ణ ఎట్లుండెనో తెలుపు సాక్ష్యములలో అది ముఖ్యమైనది. 1971లో జలాశయముల మత్స్యసంపదను గూర్చిన అఖిలభారత పథకములో నాగార్జునసాగరము ఒక కేంద్రమయ్యెను. కాని అప్పటికి చూడవలసినది పారు నదిని కాదు, నిలిచిన నీటిని. సూదిమందుతో పుట్టించిన పిల్లలను జలాశయములలో విడుచు పద్ధతి వ్యాపించెను. పట్టుబడి తగ్గకుండ అది తోడ్పడును. దారిని మాత్రము తిరిగి తెరువజాలదు.

నేడు సముద్రమునుండి బయలుదేరిన చేపకు బెజవాడలో బ్యారేజి, 2013లో ప్రారంభమైన పులిచింతల, సత్రశాల వద్ద సాగరపు దిగువ ఆనకట్ట, ఆపైన నాగార్జునసాగరము వరుసగా అడ్డము నిలుచును. ఇందు కడపటి దాని యెత్తు 400 అడుగులు దాటినది. ఎత్తిపోతల కంటె అయిదారు రెట్లు.