పొరల ఫోమ్ పరుపు

వేర్వేరు సాంద్రత, గట్టిదనం గల ఫోమ్ పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, గుడ్డ తొడుగు వేసి ఇంట్లోనే అమర్చుకునే పరుపు.

నేపథ్యం: కర్ణాటకలో తెలుగు విస్తృతంగా వినిపించే చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో పాత పద్ధతి పరుపులు పత్తి దూదితోనో, బూరుగు దూదితోనో కుట్టినవి. దూది ఏకడం దూదేకుల వృత్తి. కన్నడంలో వీరిని పింజారులంటారు. వాడేకొద్దీ పత్తి ఉండకట్టడంతో పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టాల్సి వస్తుంది. ఇక ఫోమ్ విషయానికొస్తే, దానికి మూలమైన పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం రూపొందించింది. మెమరీ ఫోమ్ 1966లో నాసా పరిశోధనల్లో పుట్టింది.

నిర్మాణం: అడుగున సాధారణంగా 4–6 అంగుళాల గట్టి పొర శరీర బరువును మోస్తుంది. పైన 1–3 అంగుళాల మెత్తని పొర భుజం, తుంటి దగ్గర ఒత్తిడిని తగ్గిస్తుంది. పక్కకు తిరిగి పడుకునేవారికి పై పొర మందంగా, బోర్లా పడుకునేవారికి పలుచగా ఎంచుతారు. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడి, చలికి బిగుస్తుంది. లేటెక్స్ (రబ్బరు) ఫోమ్ మాత్రం నొక్కు వదలగానే పైకి లేస్తుంది.

కొలతలు: సాంద్రతను ఘనపు మీటరుకు కిలోల్లో లెక్కిస్తారు, అంగట్లో ‘32 డెన్సిటీ’, ‘40 డెన్సిటీ’ అనేవి ఇవే. సాంద్రత మన్నికను సూచిస్తుంది. గట్టిదనం వేరే కొలత. 75×36×4 అంగుళాల 32 డెన్సిటీ పలక సుమారు 5.7 కిలోలు తూగుతుంది.

ప్రయోజనం: పొరలను అతికించకుండా జిప్పు తొడుగులో ఉంచితే, దిగబడిన పొరను మాత్రమే మార్చుకునే వీలుంటుంది.