చిల్లు బిందెకి మాటు, లాప్‌టాప్‌కీ మాటు

మోండా మార్కెట్‌కి మనం ఎందుకు వెళ్తాం? కూరగాయలకి, పూలకి, పండగ ముందు పూజ సామానుకి. కానీ ఆ చుట్టుపక్కల సందుల్లో కాస్త నిదానంగా నడిస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. కుక్కర్ పిడి బిగించేవాళ్ళు, మిక్సీ జారు బ్లేడు మార్చేవాళ్ళు, తాళానికి చెవి చేసేవాళ్ళు, సెల్‌ఫోన్ అద్దం వేసేవాళ్ళు. సికింద్రాబాద్ బజార్లు మొదటి నుంచీ కొనుక్కునే బజార్లు, బాగుచేయించుకునే బజార్లు కూడా.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక వాళ్ళ పటాలం హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన దిగింది. ఆ దండుకి 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. పటాలం అంటే తుపాకులొక్కటే కాదు కదా. బూట్లు, జీన్లు, గుడారాలు, గడియారాలు, వంట పాత్రలు అన్నీ ఉంటాయి. అవి పాడైతే బాగుచేసే చేతులు దగ్గర్లోనే కావాలి. 1874లో రైలొచ్చింది. 1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ మొదలైంది. రైలు పెట్టెల్ని విప్పి, బాగుచేసి, మళ్ళీ పట్టాలెక్కించే పని అక్కడ ఇప్పటికీ జరుగుతోంది.

మోండా అన్న మాట సంగతి కూడా చెప్పాలి. నాందేడ్, పర్భణీ లాంటి మరాఠ్వాడా ఊళ్ళలో ధాన్యం మార్కెట్‌ని మోంఢా అంటారు. ఆ ఊళ్ళు 1956 దాకా మనతో పాటే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి.

ఇక మన వంటింటి చరిత్రకి వద్దాం. స్టీలు సామాను రాకముందు ఇంటినిండా ఇత్తడి, రాగి గిన్నెలే. వాటిలో పులుసు పెట్టినా, మజ్జిగ పోసినా కిలుం పడుతుంది. అందుకే లోపల కళాయి పూయించేవారు. కళాయివాడు వీధిలో గుంట తవ్వి, తిత్తితో నిప్పు రాజేసి, గిన్నెని బాగా కాల్చి, నవాసారం పొడి చల్లేవాడు. తెల్లగా పొగ లేచేది. తగరం కడ్డీ అలా తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. చిల్లు పడిన బిందెకైతే మాటు వేసేవాడు. రోళ్ళకి, తిరగళ్ళకి కక్కు కొట్టేవాళ్ళు వేరే వచ్చేవారు.

ఆ పనంతా మన గుమ్మం ముందే జరిగేది. మా అమ్మ కొంగు బిగించి పక్కనే నిలబడేది. "అంచు దగ్గర పూత పడలేదయ్యా, మళ్ళీ తిప్పు", "తగరంలో సీసం కలపలేదు కదా" అని నిలదీసేది. చదువుకుంది ఐదో తరగతే, కానీ కళాయి గురించి ఆమెని ఎవరూ మోసం చేయలేకపోయేవారు. కళ్ళముందు జరిగే పని కాబట్టి చూసి చూసి నేర్చుకుంది.

తర్వాత రేడియోలొచ్చాయి, టీవీలొచ్చాయి. 1967లో మన ఊళ్ళోనే ఈసీఐఎల్ పెట్టారు. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది అక్కడి నుంచే. మనకి మాత్రం ఆ కంపెనీ పేరు చెబితే ఈసీ టీవీయే గుర్తొస్తుంది. టీవీ పాడైతే మెకానిక్ ఇంటికొచ్చేవాడు, వెనక మూత తీసేవాడు, పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. అప్పటికీ పని మన కళ్ళముందే.

లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ అనే మోసుకెళ్ళే కంప్యూటర్ పదకొండు కిలోలు ఉండేది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ వచ్చేనాటికి చేతిసంచిలో పట్టేంత అయింది. దాన్ని ఎలా విప్పాలో చెప్పే పుస్తకాన్ని కంపెనీయే ఇచ్చేది. ఆ తర్వాత సన్నగా చేయాలన్న పోటీలో మెమరీని బోర్డుకే అతికించడం, బ్యాటరీని జిగురుతో అంటించడం మొదలైంది. 2012లో ఆపిల్ తెచ్చిన రెటీనా మాక్‌బుక్ ప్రోలో ఈ రెండూ ఉన్నాయి. మిగతావాళ్ళూ అదే దారి పట్టారు.

మార్చి 2020లో బళ్ళు మూతపడ్డాక ఇవి మధ్యతరగతి ఇళ్ళలోకి ఒక్కసారిగా వచ్చాయి. మా ఇంట్లోదీ అప్పుడు అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నదే. ఈ ఏడు ఒకరోజు స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్ దగ్గరే తీసుకుని లోపలికి పంపారు. రెండు రోజుల తర్వాత, మదర్‌బోర్డు మొత్తం మార్చాలి, ఇరవై రెండు వేలు అన్నారు. స్టోరేజీ ఆ బోర్డుకే అతికి ఉంది కాబట్టి లోపల ఉన్నవన్నీ పోతాయన్నారు. డబ్బు సంగతి ఒకటి. అందులో మా అమ్మ చివరి రోజుల్లో పాడిన మంగళహారతులు ఉన్నాయి. అమ్మ పోయి మూడేళ్ళు.

మోండా దగ్గర్లోని ఒక చిన్న కొట్టుకి తీసుకెళ్ళాను. కంప్యూటర్ సామానుకి పేరుపడ్డ పార్క్‌లేన్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకున్న అబ్బాయి నడిపే కొట్టు. "ఇక్కడే కూర్చోండి ఆంటీ, చూద్దాం" అని నా ముందే విప్పాడు. మీటరు పెట్టి ఒక్కో చోటా తాకించాడు. నువ్వుగింజలో సగం కూడా లేని ఒక కెపాసిటర్ చూపించి, ఇది షార్ట్ అయింది, కరెంటంతా ఇక్కడే పోతోంది అన్నాడు. జిగటగా ఏదో రాసి వేడిగాలి కొట్టాడు. సన్నగా పొగ లేచింది.

"ఆ రాసింది ఏంటి బాబూ?" అంటే "ఫ్లక్స్ ఆంటీ, మసి తీసేస్తుంది, అప్పుడే టంకం పట్టుకుంటుంది" అన్నాడు. నవాసారం చేసేదీ అదే పని! ఇంటికొచ్చి చదివితే ఇంకో విషయం తెలిసింది. యూరప్‌లో 2006 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేశాక బాగా వాడుకలోకి వచ్చిన టంకంలో 96.5 శాతం తగరమే. మిగతాది 3 శాతం వెండి, అర శాతం రాగి. అమ్మ కళాయివాణ్ణి అడిగిన సీసం ప్రశ్నే ఇప్పుడు చట్టమై కూర్చుంది.

పద్దెనిమిది వందలకి లాప్‌టాప్ లేచింది. ఆ రాత్రి మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ హారతి పెట్టింది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. బాగుచేసే విద్య ఎక్కడికీ పోలేదు. మన కళ్ళముందు నుంచి పోయింది. వస్తువు లోపలికి వెళ్ళిపోయాక మనం అడగడం మానేశాం. లాప్‌టాప్ అంటే మావారినో, మా అబ్బాయినో పంపిస్తాం. కళాయివాణ్ణి నిలదీసిన ఆడవాళ్ళ కూతుళ్ళం మనం!

ప్రపంచం ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తోంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌ల మీద బాగుచేయడానికి ఎంత వీలో పదికి మార్కులు వేసి అతికించాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న ఒక పోర్టల్ తెరిచింది. ట్రాక్టర్ల నుంచి సెల్‌ఫోన్ల దాకా అందులోకి వస్తాయి.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. లాప్‌టాప్ మొండికేస్తే చార్జరు తీసేసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని మళ్ళీ పెట్టి చూడండి. కొన్నిసార్లు లేస్తుంది. మూత విప్పే ధైర్యం ఉంటే అడుగడుగునా ఫోటో తీసుకోండి. స్క్రూలు పోపుల డబ్బాలాంటి అరల డబ్బాలో వరసగా పెట్టుకోండి, ఏది ఎక్కడిదో తికమక ఉండదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం గుచ్చకండి, నొక్కకండి, వెంటనే వాడకం ఆపి కొట్టుకి ఇవ్వండి.

కొట్టుకి వెళ్తే నా ముందే విప్పమనండి, పాడైన భాగం వెనక్కి ఇమ్మనండి, ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. కొత్తది కొనేటప్పుడు రంగు, బరువు చూశాక ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. మెమరీ విడిగా తీయొచ్చా? బ్యాటరీ మన బజార్లో ఎవరైనా మార్చగలరా? అమ్మేవాడు నీళ్ళు నమిలితే పక్క కొట్టుకి వెళ్ళండి.