విశ్వాసమూలమైన రక్షణ - ధనం, సత్క్రియలు

విశ్వాసమూలమైన రక్షణ క్రైస్తవ మతంలో, ముఖ్యంగా ప్రొటెస్టెంటు సంఘాలలో, ఒక ప్రధాన సిద్ధాంతం. దీని ప్రకారం మనిషి తన ధనంచేత గాని, దానధర్మాలచేత గాని, ఆచారనిష్ఠచేత గాని దేవుని యెదుట నీతిమంతుడు కాజాలడు. క్రీస్తునందు ఉంచిన విశ్వాసం ద్వారా, దేవుని కృపవలన, ఉచితంగా రక్షణ పొందుతాడు. సత్క్రియలు ఈ రక్షణకు ఫలాలే గాని దానికి చెల్లించే వెల కావు. తెలుగునాట ఈ సిద్ధాంతం పండితుల చర్చగా మాత్రమే ఉండిపోలేదు. 1876-78 నాటి కరువులో కూలి ఇచ్చి ఆదుకున్నవారే బాప్తిస్మం కూడా ఇచ్చేవారు కావడంతో, కడుపు కోసం వచ్చినవారెవరు, విశ్వాసంతో వచ్చినవారెవరు అన్న ప్రశ్న ఒంగోలు ప్రాంతంలో ప్రత్యక్షంగా ఎదురయింది.

పదాలు, భావాలు

తెలుగు బైబిలులో మోక్షం అనే మాటకు బదులు రక్షణ అనే మాట స్థిరపడింది. దేవుడు మనిషిని నిర్దోషిగా ఎంచడాన్ని "నీతిమంతులుగా తీర్చబడుట" అంటారు. కృప, విశ్వాసం, మారుమనస్సు, సత్క్రియలు ఈ చర్చలో తరచుగా వినిపించే ఇతర పదాలు.

చెరువు త్రవ్వించడం, సత్రం కట్టించడం, అన్నదానం చేయడం పుణ్యకార్యాలన్న భావన తెలుగువారిలో అనాదిగా ఉంది. పుణ్యాన్నీ డబ్బునూ తెలుగులో ఒకే క్రియతో చెబుతారు: రెండింటినీ "సంపాదిస్తారు". రక్షణ సంపాదించుకొనేది కాదని చెప్పవలసిన బోధకులకు ఈ వాడుక ఒక చిక్కు. సత్క్రియలు అక్కరలేదని బోధిస్తున్నారన్న అపార్థం తేలికగా కలుగుతుంది. నిజానికి ఈ సిద్ధాంతం కాదనేది సత్క్రియలను కాదు, వాటిమీద పెట్టుకొనే భరోసాను.

బైబిలులో

ఈ విషయమై ఎక్కువగా ఉదహరించే కథ ధనవంతుడైన యువకునిది (మత్తయి 19, మార్కు 10, లూకా 18 అధ్యాయాలు). ఆజ్ఞలన్నీ చిన్ననాటినుండి పాటించానన్న అతనితో యేసు, ఆస్తి అమ్మి బీదలకిచ్చి తనను వెంబడించమని చెబుతాడు. అతడు దుఃఖపడుతూ వెళ్ళిపోతాడు. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమన్న ప్రసిద్ధమైన పోలిక ఆ సందర్భంలోనిదే. ఈ కథను బీదలకు పంచిపెడితే చాలునన్న ఉపదేశంగా చదివేవారున్నారు. అయితే కథ అక్కడితో ఆగదు. ఇక ఎవరు రక్షణ పొందగలరని శిష్యులు అడిగినప్పుడు, అది మనుష్యులకు అసాధ్యమనీ, దేవునికి సాధ్యమనీ యేసు బదులిస్తాడు.

సుంకపు గుత్తదారైన జక్కయ్య కథ (లూకా 19) దీనికి జోడుగా చెప్పదగినది. యేసు అతని యింటికి వస్తాననడం ముందు, అతడు సగం ఆస్తి బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తాననీ అనడం తరువాత జరుగుతాయి. విశ్వాసవాదులు ఈ వరుసనే ఆధారంగా చూపుతారు.

పౌలు రోమీయులకు, గలతీయులకు వ్రాసిన పత్రికలలో మనిషి ధర్మశాస్త్ర క్రియలవలన కాక విశ్వాసంవలన నీతిమంతుడుగా తీర్చబడతాడని వాదించాడు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయం క్రియలులేని విశ్వాసం మృతమైనదంటుంది. బట్టా అన్నమూ లేని సహోదరునికి శుభం పలికి పంపివేయడంవల్ల ప్రయోజనమేమిటని అడుగుతుంది. ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా చూపడం గమనించదగినది. పౌలు ఖండించినది రక్షణకు మూలంగా క్రియలను నమ్ముకోవడాన్ని, యాకోబు ఖండించినది నోటిమాటగా మిగిలిన విశ్వాసాన్ని అని సాధారణంగా సమన్వయం చేస్తారు. మత్తయి 25వ అధ్యాయంలోని తీర్పు దృశ్యంలో మాత్రం ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారా లేదా అన్నదే ప్రశ్న. ఈ భాగాన్ని పౌలు బోధతో కలిపి చదవడం ఏ పక్షంవారికీ సులభం కాలేదు.

సంఘ చరిత్రలో

అయిదవ శతాబ్దంలో అగస్టీను, పెలాగియసుల మధ్య మొదలైన ఈ వివాదం పదహారవ శతాబ్దంలో ఐరోపా సంఘాన్ని చీల్చింది. రోమునగరంలో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికి సొమ్ము కూర్చే నిమిత్తం పాపశిక్షను తగ్గించే పత్రాలను అమ్మడాన్ని ఆక్షేపిస్తూ మార్టిన్ లూథర్ 1517లో తన 95 సూత్రాలను ప్రకటించాడు. కతోలిక సంఘం ట్రెంటు మహాసభలో (1547) కేవల విశ్వాసవాదాన్ని త్రోసిపుచ్చి, కృపతో మొదలైన నీతి సత్క్రియలవలన వృద్ధి పొందుతుందని నిర్ణయించింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో లూథరన్లు, కతోలికులు సంయుక్త ప్రకటనపై సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులు కూడా దానిని అంగీకరించారు.

మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ విశ్వాసమూలమైన రక్షణనే బోధించినా, ధనంపై ప్రత్యేకంగా ప్రసంగించాడు. న్యాయంగా సంపాదించడం, పొదుపు చేయడం, మిగిలినదంతా ఇచ్చివేయడం అనే మూడు మెట్లు అతనివి.

తెలుగునాట ఆరంభం

లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. అమెరికన్ బాప్టిస్టు మిషను 1836లో శామ్యూల్ డేతో మొదలై 1840లో నెల్లూరులో స్థిరపడింది. మొదటి పాతికేళ్ళలో ఫలితం బహు స్వల్పం.

1866లో ఒంగోలుకు మకాం మార్చిన జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910) కాలంలో పరిస్థితి మారింది. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య ఈ మార్పుకు ముఖ్య కారకుడు. మాదిగ కులస్థుడైన పేరయ్య తోళ్ళ వ్యాపారి. అంతకు పూర్వం రాజయోగ సాధన చేసినవాడు. అతని ద్వారా పల్లెలలోని మాదిగలు సంఘంలో చేరసాగారు. అదే సమయంలో పట్టణంలోని పైకులాలవారు, వీరిని చేర్చుకొంటే తమవారు దూరమవుతారని హెచ్చరించారు. పలుకుబడి, విద్య, ధనం గలవారిని వదులుకొని పేదలను చేర్చుకోవాలా అన్న సందిగ్ధంలో క్లౌ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయాన్ని ఆధారం చేసుకొని పేదల పక్షాన నిర్ణయం తీసుకొన్నాడు. దానితో పైకులాల విద్యార్థులు బడి మానివేశారు.

చేరినవారికి విధించిన ప్రధాన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. ఇవి వినడానికి చిన్నవిగా తోచినా, గ్రామంలో వెట్టికీ, డప్పుకూ, చచ్చిన గొడ్లను తొలగించే పనికీ కట్టుబడి బ్రతికే కుటుంబాలకు జీవనాధారాన్నే కదిలించాయి. అందువల్ల కరువుకు ముందు చేరినవారు లాభంకోసం చేరారనడం కష్టం.

ధాత కరువు, బకింగ్‌హామ్ కాలువ

ధాత, ఈశ్వర నామ సంవత్సరాలలో (1876-78) మద్రాసు రాజధానిని పట్టి పీడించిన కరువును తెలుగువారు ధాత కరువు అన్నారు. పనిలేక, గింజలేక జనం ఊళ్ళు విడిచిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా చేపట్టిన బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకొన్నాడు. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం అతనికి ఇక్కడ అక్కరకు వచ్చింది. అన్ని కులాలవారినీ, క్రైస్తవులనూ కానివారినీ పనిలో పెట్టుకొని కూలి ఇచ్చాడు.

ఈ సమయంలోనే అతడు తీసుకొన్న మరొక నిర్ణయం ఈ వ్యాస విషయానికి కీలకమైనది. బాప్తిస్మం కోరి అనేకులు వస్తున్నా, సుమారు పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూలికీ బాప్తిస్మానికీ ముడిపడితే విశ్వాసాన్ని పరీక్షించే మార్గం ఉండదన్నది అతని ఉద్దేశం.

అయితే ఈ వేర్పాటు పూర్తిగా నిక్కచ్చిగా జరిగిందని చెప్పడానికి వీలులేదు. పనిమీద పైవిచారణకు నియమింపబడినవారు మిషను బోధకులే. విశ్రాంతి వేళల్లో వారు కూలీలకు క్రీస్తు కథ చెప్పేవారు. ఆకలివేళ కూలి ఇప్పించిన చేతిని, కథ చెప్పిన నోటిని విన్నవారు వేరువేరుగా చూసి ఉంటారా అన్నది సందేహమే.

1878లో కరువు సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని క్లౌ జనానికి తెలియజేశాడు. అయినా వేలమంది వచ్చారు. తమకు సొమ్ము అక్కరలేదనీ, బాప్తిస్మం మాత్రమే కావాలనీ వారు కోరినట్లు అతడు తరువాత వ్రాసుకొన్నాడు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెలుంపల్లి వద్ద 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అభిషిక్తులైన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఈ కార్యం నిర్వహించారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి బాప్తిస్మాలు తొమ్మిది వేలు దాటాయి.

ఈ వార్త అమెరికాలో ఉత్సాహంతోపాటు అనుమానాన్ని కూడా రేపింది. ఇంతమంది ఇంత త్వరగా వస్తే వీరి విశ్వాసం ఎంతటిదన్న ప్రశ్న సహ మిషనరీలనుండి కూడా వచ్చింది. తరువాతి దశాబ్దాలలో ఒంగోలు సంఘం కరిగిపోకుండా పెరగడం, 1890 డిసెంబరులో కరువు లేని కాలంలో మరల ఒక్కరోజున పదహారు వందల పైచిలుకు బాప్తిస్మాలు జరగడం ఈ ప్రశ్నకు సమాధానంగా చూపబడుతున్నాయి. క్లౌ ఆత్మకథ 1914లో, అతని మరణానంతరం, భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చేత ప్రచురింపబడింది.

మెదకు

నిజాం రాజ్యంలోని మెదకులో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ నిర్మింపజేసిన దేవాలయం 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. దీని గోపురం 175 అడుగుల ఎత్తు. కరువుకాలంలో ఊరక అన్నం పెట్టడానికి బదులు పని కల్పించి ఆహారమిచ్చారని ప్రతీతి. అంత పేదరికం మధ్య అంత పెద్ద కట్టడం అవసరమా అన్న ఆక్షేపణకు ఈ కరువు పనినే జవాబుగా చెబుతారు.

దోర్నకల్: పిడికెడు బియ్యం

దోర్నకల్‌లో సమస్య తలక్రిందులయింది. ఇక్కడ ప్రశ్న పేదవాడు ఏమి పొందుతాడన్నది కాదు, ఏమి ఇస్తాడన్నది. 1912 డిసెంబరు 29న అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆయన అధ్యక్షమండలంలోని క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. విదేశీ ధనంమీద ఆధారపడిన సంఘం ఎన్నటికీ తన కాళ్ళమీద నిలువజాలదనీ, ఉచితంగా పొందిన రక్షణకు కృతజ్ఞతగా ఎంత పేదవాడైనా ఇవ్వగలడనీ ఆయన బోధించాడు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరే కుండలో వేసి ఉంచి, ఆరాధనకు తెచ్చే పద్ధతి ఆ విధంగా ప్రోత్సహింపబడింది. క్రైస్తవ దానంపై ఆయన ఆంగ్ల గ్రంథం 1939లో వెలువడింది. అదే సంవత్సరం జనవరి 6న దోర్నకల్ దేవాలయం ప్రతిష్ఠ జరిగింది. అజరయ్య 1945 జనవరి 1న మరణించాడు.

కూలివాడి పిడికెడు బియ్యాన్ని అడగడం న్యాయమా అన్న ప్రశ్న ఉంది. పుచ్చుకొనేవారిగానే ఎంచబడినవారు ఇచ్చేవారిగా మారడం వారి గౌరవాన్ని పెంచిందని సమర్థకులు అంటారు.

విమర్శలు, పర్యవసానాలు

పేదరికాన్ని ఆసరా చేసుకొని మతం మార్పించారన్న విమర్శ పాతది. 1930లలో గాంధీజీ హరిజన్ పత్రికలో, వైద్యం, విద్య వంటి సేవలు మతమార్పిడికి సాధనాలు కారాదని పలుమార్లు వ్రాశాడు. అజరయ్య ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. పేదవానికి ఆత్మవిషయమై నిర్ణయం తీసుకొనే శక్తి లేదనుకోవడమే అతనిని తక్కువ చేయడమని ఆయన వంటివారి వాదం. ఈ వాదంలో బలముంది. కాని ఆకలి, అవమానం, విశ్వాసం ఒకే మనిషిలో కలిసి ఉన్నప్పుడు వాటిని విడదీసి తూచడం ఆ మనిషికే సాధ్యం కాకపోవచ్చు.

స్వాతంత్ర్యానంతరం లెక్క తారుమారయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించినవారికి షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసినా క్రైస్తవులకు మినహాయింపు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వీరిని వెనుకబడిన తరగతుల "సి" వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. ఒకనాడు కూలికోసం చేరారన్న నింద మోసినవారి సంతతికి, విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకోవడమే ఆర్థిక నష్టంగా పరిణమించింది. చాలామంది ఆదివారం ఆరాధనకు వెళుతూనే ధ్రువపత్రాలలో హిందువులుగా నమోదై ఉండడానికి ఇది ఒక కారణం.

శ్రేయస్సు సువార్త

విశ్వసించినవారికి ఆరోగ్యం, ఐశ్వర్యం తప్పక కలుగుతాయనీ, దశమభాగం ఇచ్చినవారికి అంతకంతకు తిరిగి వస్తుందనీ చెప్పే బోధను శ్రేయస్సు సువార్త అంటారు. అమెరికాలో పుట్టిన ఈ ధోరణి టెలివిజను ప్రసంగాల ద్వారా తెలుగు ప్రాంతాలలోనూ వ్యాపించింది. మలాకీ గ్రంథం మూడవ అధ్యాయాన్ని దీనికి ఆధారంగా చూపుతారు. లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల బోధకులలో పలువురు దీనిని ఆక్షేపిస్తారు. కానుక ఇచ్చి దీవెన కొనుక్కోవడం, లూథర్ నాటి పత్రాల అమ్మకం కంటే ఏ విధంగా భిన్నమో చెప్పాలని వారు అడుగుతారు. 2010లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో సమావేశమైన లౌసాన్ మహాసభ కూడా ఈ బోధను త్రోసిపుచ్చింది.